నగరం నడుమ చిన్న ఇల్లా, శివారు గ్రామంలో పెద్ద ఇల్లా: ఎంచుకునే ముందు తూచవలసినవి

పెద్ద నగరాన్ని ఆనుకొని ఉన్న గ్రామంలో ఇల్లు చూసుకోవాలన్న ఆలోచన సాధారణంగా మూడు కోరికల నుంచి పుడుతుంది: పెట్టిన డబ్బుకు మరో రెండు గదులు ఎక్కువ రావడం, ఇంటి చుట్టూ కాస్త ఖాళీ నేల ఉండటం, రాత్రిళ్లు ప్రశాంతంగా నిద్రపట్టడం. మూడూ న్యాయమైన కోరికలే. అవి తీరుతాయో లేదో ఇల్లు చూడటానికి వెళ్లిన పూటే చాలావరకు తెలిసిపోతుంది. వాటికి చెల్లించవలసిన మూల్యం మాత్రం ఆ పూట కనిపించదు. కాపురం పెట్టిన తర్వాత రోజుకు కొంత చొప్పున, ఇంట్లో ఒక్కొక్కరి మీద ఒక్కో విధంగా పడుతూ వస్తుంది. అందులో ఎక్కువ భారం మోసేది సొంతంగా వాహనం నడపలేని వారు. బడికి వెళ్లే పిల్లలు, చూపు మందగించిన పెద్దలు, ఇంట్లో ఉన్న ఒకే వాహనం మరొకరు తీసుకెళ్లాక మిగిలిపోయేవారు. అందుకే ఈ పోలికలో అడుగడుగునా నేను ఒకే ప్రశ్న వేస్తాను: వాహనం నడపలేని ఆ మనిషికి ఈ ఇంట్లో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుంది?

ఎంపికలు రెండు కావు, నాలుగు

నగరమా గ్రామమా అని రెండుగా చీల్చి అడిగితే సరైన జవాబు దొరకదు. ఆచరణలో ఎదురయ్యే ఎంపికలు నాలుగు. మొదటిది, నగరం లోపలే ఉండి ఇంటి విస్తీర్ణం తగ్గించుకోవడం. రెండవది, శివారు గ్రామంలో పాత ఊరి నడుమ, అంటే బడీ అంగళ్లూ బస్సు ఆగే చోటూ నడిచి వెళ్లగలిగే వీధుల్లో ఇల్లు తీసుకోవడం. మూడవది, అదే గ్రామం పొలిమేరలో, పొలాలను ప్లాట్లుగా విడగొట్టి వేసిన కొత్త కాలనీలో ఉండటం. నాలుగవది, నగరానికి మరికొంత దూరమైనా రైలు మార్గం మీద ఉన్న చిన్న పట్టణాన్ని ఎంచుకోవడం.

రెండవదానికీ మూడవదానికీ చిరునామాలో ఊరి పేరు ఒకటే ఉంటుంది కనుక చాలామంది వాటిని కలిపి లెక్కవేస్తారు. నా అభిప్రాయంలో ఈ నాలుగింటిలో అన్నిటికంటే పెద్ద తేడా ఆ రెంటి మధ్యనే ఉంది. పాత ఊరు ఏర్పడిన కాలంలో జనం నడిచి తిరిగేవారు; వరద రాని మెరక, తాగగలిగే నీరు, దారులు కలిసే కూడలి చూసుకొని ఇళ్లు కట్టుకున్నారు. కొత్త కాలనీ మాత్రం అమ్మకానికి ఏ భూమి దొరికితే అక్కడ లేస్తుంది. ఆ భూమి పల్లమైనా, ప్రధాన రహదారికి రెండు కిలోమీటర్ల లోపలికి ఉన్నా, చేరడానికి ఒకే ఒక్క దారి ఉన్నా, కొనేవారికి మొదట కనిపించేది కొత్త ఇళ్ల వరుసే. పాత ఊళ్లో ఇల్లు ఇరుకుగా ఉండవచ్చు, వాహనం నిలపడానికి చోటు లేకపోవచ్చు, గోడలకు మరమ్మతులు కావలసి రావచ్చు. ఇవన్నీ డబ్బుతో కొంతవరకు సరిచేసుకోగలిగిన లోపాలు. మందుల దుకాణం మూడు కిలోమీటర్ల దూరంలో ఉండటం అలా సరిచేసుకోగలిగిన లోపం కాదు.

ప్రయాణానికి పోయే కాలం

ఇటలీకి చెందిన భౌతిక శాస్త్రవేత్త చేజారే మార్కెట్టి, రవాణా విశ్లేషకుడు యాకొవ్ జహావి పరిశీలనలను ఆధారం చేసుకొని, మనుషులు కాలదేశాలతో నిమిత్తం లేకుండా రోజుకు సగటున ఒక గంట ప్రయాణానికి కేటాయిస్తారని 1994లో ప్రచురించిన వ్యాసంలో ప్రతిపాదించాడు. గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడిచే కాలంలో ప్రాచీన నగరాలు ఈ చివర నుంచి ఆ చివరకు దాదాపు 5 కిలోమీటర్లకు మించకపోవడానికీ, రైళ్లూ కార్లూ వచ్చిన కొద్దీ నగరాలు విస్తరించడానికీ అదే కారణమని ఆయన వాదం. ఇల్లు ఎంచుకునేవారు దీన్ని సిద్ధాంతంగా కాకుండా హెచ్చరికగా తీసుకుంటే ఉపయోగం ఎక్కువ. రానూపోనూ కలిపి గంట దాటిన తర్వాత ప్రయాణం మింగే ప్రతి నిమిషమూ నిద్ర నుంచో, పిల్లలతో గడిపే వేళ నుంచో, ఒంటికి కావలసిన వ్యాయామం నుంచో కోత పడినదే.

లెక్క వేసి చూస్తే దీని బరువు స్పష్టమవుతుంది. శివారుకు మారడం వల్ల ఒక్కో వైపు ప్రయాణం 45 నిమిషాలు పెరిగితే రోజుకు గంటన్నర అదనం. ఏడాదిలో 240 పనిదినాలు అనుకుంటే మొత్తం 360 గంటలు. ఎనిమిది గంటల పనిదినాలుగా మార్చి చూస్తే అవి 45 రోజులు. ఇంట్లో ఇద్దరు ఉద్యోగాలకు వెళ్లేవారైతే ఆ సంఖ్య రెట్టింపు. అదనపు గదులు, ఖాళీ స్థలం ఇచ్చే సంతోషం ఈ నష్టాన్ని పూడుస్తుందని మనం సహజంగా నమ్ముతాం. జర్మనీలో ఏళ్ల తరబడి అవే కుటుంబాలను ప్రశ్నించి సేకరించిన సర్వే సమాచారాన్ని ఆర్థికవేత్తలు అలోయిస్ స్టుట్జర్, బ్రూనో ఫ్రే పరిశీలించి 2008లో వెలువరించిన ఫలితం ఆ నమ్మకానికి విరుద్ధంగా ఉంది: ప్రయాణం పెరిగిన కొద్దీ జీవితం పట్ల తృప్తి తగ్గుతుందనీ, మెరుగైన ఇల్లో మెరుగైన జీతమో ఆ లోటును పూర్తిగా తీర్చడం లేదనీ వారు తేల్చారు. నాకు ఇందులో ఆశ్చర్యం కనిపించదు. పెద్ద గదికి కన్ను కొన్ని నెలల్లో అలవాటు పడుతుంది. ఎప్పుడు కదులుతుందో తెలియని వాహనాల వరుసలో కూర్చోవడానికి ఎవరూ అంత తేలికగా అలవాటు పడరు.

దూరాన్ని కొలిచేటప్పుడు సగటు ప్రయాణ సమయాన్ని కాకుండా చెడ్డ రోజు ప్రయాణ సమయాన్ని పట్టించుకోవాలి. ఇల్లు చూపించేవారు సెలవు రోజు ఉదయం తీసుకెళతారు. మీరు పనిదినాన, ఆఫీసు వేళకు చేరవలసిన సమయం చూసుకొని బయలుదేరండి; సాయంత్రం అందరూ తిరిగి వచ్చే వేళకే తిరిగి రండి; వీలైతే వాన కురిసే రోజున మరోసారి వెళ్లండి. గ్రామం నుంచి నగరంలోకి ఎన్ని దారులున్నాయో లెక్కపెట్టండి. ఒకే వంతెన, ఒకే రైల్వే గేటు, ఒకే కూడలి మీద ఆధారపడిన ఊరు మంచి రోజున దగ్గరగానే ఉంటుంది. అక్కడ ఏదో ఒక అడ్డంకి వచ్చిన రోజున దానికి ప్రత్యామ్నాయం ఉండదు.

కొత్త రోడ్డు రాబోతోందన్న మాట శివారు అమ్మకాల్లో తప్పకుండా వినిపిస్తుంది. అది వచ్చినా ఉపశమనం ఎంతకాలం ఉంటుందన్నది వేరే ప్రశ్న. అమెరికా నగరాల సమాచారాన్ని పరిశీలించి ఆర్థికవేత్తలు జిల్ డ్యురాంటన్, మాథ్యూ టర్నర్ 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రహదారుల పొడవు ఎంత నిష్పత్తిలో పెరిగిందో వాటి మీద వాహనాలు తిరిగే దూరమూ దాదాపు అదే నిష్పత్తిలో పెరిగింది. రోడ్డు వెడల్పయితే మరిన్ని కాలనీలు లేస్తాయి, ఆ కాలనీల వాహనాలు అదే రోడ్డెక్కుతాయి. రైలు మార్గం మీద ఉన్న చిన్న పట్టణాన్ని నేను నాలుగవ ఎంపికగా ప్రత్యేకంగా చెప్పడానికి ఇదే కారణం. 40 కిలోమీటర్ల దూరంలోని పట్టణం నుంచి సమయానికి నడిచే రైలు, 18 కిలోమీటర్ల దూరంలోని కాలనీ నుంచి బయలుదేరిన కారు కంటే ముందుగా గమ్యం చేర్చే సందర్భాలు అరుదేమీ కావు. పైగా రైల్లో చదువుకోవచ్చు, కునుకు తీయవచ్చు. అన్నిటికంటే ముఖ్యంగా, పదహారేళ్ల విద్యార్థీ డెబ్బై ఏళ్ల పెద్దావిడా ఎవరి సాయం లేకుండా ఎక్కగలరు. అయితే స్టేషన్ ఉండటం ఒక్కటే చాలదు. రాత్రి చివరి రైలు ఎప్పుడు, సెలవు రోజుల్లో రెండు రైళ్ల మధ్య ఎంత వ్యవధి, స్టేషన్ నుంచి ఇంటికి చీకటి పడ్డాక నడిచి రాగలమా అన్నవి తెలుసుకున్నాకే ఆ ఎంపికను లెక్కలోకి తీసుకోవాలి.

వాహనం నడపలేని వారి దినచర్య

ఇంటి నుంచి పదిహేను నిమిషాలు నడిస్తే ఏమేమి అందుతాయో కాగితం మీద రాసుకోవడం ఈ ఎంపికలో అతి విలువైన పని. పారిస్‌లో పనిచేసే ఆచార్యుడు కార్లోస్ మొరేనో 2016 నుంచి ప్రచారం చేస్తున్న నగర ప్రణాళికా భావనకు మూలం ఇదే: నిత్యావసరాలు, చదువు, వైద్యం, పని, వినోదం ఇంటికి పావుగంట నడకలోనో సైకిల్ దూరంలోనో ఉండాలి. నగరంలోని చిన్న ఇల్లు ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతుంది. పాత ఊరి నడుమ ఇల్లు చాలాసార్లు నెగ్గుతుంది. కొత్త కాలనీ సాధారణంగా ఓడిపోతుంది. దుకాణం ఉన్నా దానికి వెళ్లే దారిలో కాలిబాట ఉండదు. బడి బస్సు వచ్చినా బడి అయిపోయాక ఆడుకోవడానికి ఆగిన పిల్లవాణ్ణి తెచ్చే బస్సు ఉండదు.

పిల్లల విషయంలో పెద్దలు వేసే అంచనా తరచుగా ఒకే వయసు దగ్గర ఆగిపోతుంది. ఆరేళ్ల బిడ్డకు ఇంటి ముందు ఖాళీ నేల స్వర్గంలా ఉంటుంది. అదే బిడ్డకు పద్నాలుగేళ్లు వచ్చాక గ్రంథాలయం, ఆట మైదానం, స్నేహితుల ఇళ్లు కావాలి; వాటిలో ప్రతిదానికీ ఎవరో ఒకరు వాహనం మీద దిగబెట్టవలసి వస్తే, ఆ వయసులో నేర్చుకోవలసిన స్వతంత్రం అలవడదు, పెద్దల సాయంత్రాలూ మిగలవు. ఇల్లు కొనడమంటే పదిహేనేళ్ల నిర్ణయం. కాబట్టి ఇప్పటి వయసుకు పదేళ్లు కలిపి, ఇంట్లో ప్రతి ఒక్కరి రోజునూ మళ్లీ ఊహించి చూడాలి. పెద్దల విషయంలో ఈ లెక్క మరింత నిష్కర్షగా ఉంటుంది. ఇవాళ వాహనం నడుపుతున్న 62 ఏళ్ల మనిషి పదేళ్ల తర్వాత కూడా నడుపుతారన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

నీరు, మురుగు

ఈ విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగక తప్పదు, ఎందుకంటే నగరంలో పెరిగినవారికి దీన్ని గురించి అడగాలన్న ఆలోచనే రాదు. నగరంలో కుళాయి వెనుక ఒక సంస్థ ఉంటుంది. అది నీటిని శుద్ధి చేస్తుంది, పరీక్షిస్తుంది, వాడిన నీటిని గొట్టాల ద్వారా తీసుకుపోతుంది. శివారు కొత్త కాలనీలో చాలాచోట్ల ఆ బాధ్యతలన్నీ ఇంటివారివే. బోరు ఎండితే ట్యాంకర్ కోసం ఫోన్ చేసేదీ, నీటి నాణ్యత పరీక్ష చేయించేదీ, సెప్టిక్ ట్యాంక్ నిండకముందే ఖాళీ చేయించేదీ వారే.

భూగర్భ జలం మీద ఆధారపడిన ఇంట్లో చేరేముందు ఆ నీటిని ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. తాగే నీటిలో లీటరుకు ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములకు, నైట్రేట్ 50 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. శివారు గ్రామానికి నైట్రేట్ సమస్య రెండు వైపుల నుంచీ వస్తుంది: ఒక వైపు పొలాల్లో వేసే ఎరువులు, మరో వైపు దగ్గర దగ్గరగా కట్టిన ఇళ్ల మరుగుదొడ్ల గుంతలు. పోతపాలు తాగే పసిబిడ్డలకు ఇది మరీ ప్రమాదకరం. రక్తం ప్రాణవాయువును మోయగల శక్తి తగ్గి ఒళ్లు నీలంగా మారే స్థితి రావచ్చు. నీటిని కాచితే సరిపోతుందన్న నమ్మకం ఇక్కడ పనికిరాదు. కాచినప్పుడు సూక్ష్మజీవులు చస్తాయి కాని నైట్రేట్ పోదు. నీరు ఆవిరై తగ్గిన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత పెరుగుతుంది.

పరీక్ష ఎప్పుడు చేయించామన్నదీ ముఖ్యమే. వానలు వెలిసిన వెంటనే అన్ని బోర్లలోనూ నీళ్లుంటాయి. ఎండాకాలం చివరి వారాల్లో ఆ వీధిలోని రెండు మూడు ఇళ్లవారిని అడిగితే నిజం తెలుస్తుంది: ఎన్ని అడుగుల లోతు తవ్వారు, గత కొన్నేళ్లలో ఎన్నిసార్లు మళ్లీ తవ్వవలసి వచ్చింది, ట్యాంకర్ ఎన్ని నెలలు కొంటున్నారు. ప్రతి కొత్త ఇంటికీ ఒక కొత్త బోరు పడుతున్న చోట, ఇప్పుడున్న నీటిమట్టం నాలుగేళ్ల తర్వాత ఉండదు. మురుగు విషయంలో మీ ఇంటి ట్యాంక్ ఒక్కటే చూసుకుంటే చాలదు. పక్క ఇంటి మురుగు ఇంకే గుంత మీ బోరుకు ఎంత దూరంలో ఉందో, వీధి వాలు ఎటు ఉందో, ట్యాంక్ ఖాళీ చేసే బండి ఆ మురుగును తీసుకెళ్లి ఎక్కడ పోస్తోందో కూడా అడగండి. చివరి ప్రశ్నకు చాలామంది జవాబు చెప్పడానికి తడబడతారు. ఊరి చెరువులోనో వాగులోనో పోస్తున్నారని తేలితే, ఆ నీరు తిరిగి ఎవరి బోరులోకి వస్తుందో ఆలోచించుకోవచ్చు.

వరద గురించి ఒక్క మాట: పల్లపు నేల అమ్మేవారు దాన్ని పల్లమని చెప్పరు. పాత పటాల్లో వాగులు, చెరువుల హద్దులు ఎక్కడ ఉన్నాయో చూడటం, ఊళ్లో వయసు మళ్లిన రైతును నీళ్లు ఎంతవరకు వస్తాయో అడగటం, ఈ రెండూ ఏ ధ్రువపత్రం కంటే ఎక్కువ విశ్వసనీయమైనవి.

గాలి, చప్పుడు, పొరుగు పొలం

నగరానికి బయట చల్లగా ఉంటుందన్న భావనకు ఆధారముంది. లండన్ నడుమ రాత్రి ఉష్ణోగ్రత చుట్టుపక్కల పల్లెల కంటే సుమారు 2 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉంటోందని వాతావరణ పరిశోధకుడు లూక్ హోవర్డ్ పంతొమ్మిదవ శతాబ్దం తొలినాళ్లలోనే కొలిచి చూపించాడు. అయితే చల్లదనం వేరు, స్వచ్ఛత వేరు. నగరం తనలో ఉంచుకోలేనివన్నీ శివారుకే చేరతాయి: చెత్త పోగుచేసే మైదానాలు, మురుగునీటి శుద్ధి కేంద్రాలు, రాతి క్వారీలు, ఇటుక బట్టీలు, లారీలు రాత్రంతా తిరిగే వలయ రహదారులు. కాబట్టి గ్రామం నగరానికి ఏ దిక్కున ఉందన్నది ఎంత దూరంలో ఉందన్న దానికంటే తక్కువ ముఖ్యమైనది కాదు. పడమటి గాలులు ఎక్కువగా వీచే ఇంగ్లండ్‌లో, బొగ్గు పొగ కమ్మిన పారిశ్రామిక నగరాల తూర్పు పేటలు పేదవిగా మిగిలిపోయిన తీరు ఆర్థిక చరిత్రకారులు గుర్తించినదే. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి ఎటు నుంచి వీస్తుందో, నగరం మురుగు కలిసే నది ఎటు పారుతుందో తెలుసుకొని, గాలి వచ్చే దిక్కున, నదికి ఎగువన ఉన్న ఊళ్లనే ముందుగా చూడాలి.

చప్పుడు విషయంలో, రాత్రివేళ ఇంటి బయట రోడ్డు రవాణా చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా విభాగం 2018లో సిఫారసు చేసింది. మొబైల్ ఫోన్‌లోని కొలిచే అప్లికేషన్లు ఖచ్చితమైనవి కాకపోయినా, రాత్రి పదకొండు గంటలకు ఆ వీధిలో పది నిమిషాలు నిలబడితే చెవికే చాలావరకు తెలుస్తుంది.

వాహనాల చప్పుడుకూ ఊరి చప్పుడుకూ తేడా ఉంది. కోళ్లు తెల్లవారుజామునే కూస్తాయి, ట్రాక్టర్లు చీకటితోనే కదులుతాయి, పేడ వాసన వస్తుంది, పురుగు మందు చల్లిన రోజున కిటికీలు మూసుకోవాలి. ఫ్రాన్స్‌లోని ఓలెరాన్ ద్వీపంలో మోరిస్ అనే కోడిపుంజు కూత మీద సెలవుల ఇల్లున్న పొరుగువారు కోర్టుకెక్కితే, 2019లో తీర్పు కోడిపుంజు పక్షాన వచ్చింది. 2021 జనవరిలో ఆ దేశం పల్లె శబ్దాలను, వాసనలను గ్రామీణ వారసత్వంగా గుర్తిస్తూ చట్టమే చేసింది. నేను ఆ తీర్పును మనసారా సమర్థిస్తాను. పల్లె ప్రశాంతత కావాలి కాని పల్లె పని వద్దనుకునేవారికి శివారు గ్రామం తగిన చోటు కాదు. వారికీ సుఖం ఉండదు, వారి వల్ల ఊరికీ సుఖం ఉండదు.

అత్యవసర వైద్యం

ఈ భాగం చిన్నదే అయినా ఇంట్లో గుండె జబ్బో పక్షవాతం ముప్పో ఉన్నవారు ఉంటే దీన్నే మొదట చదవాలి. గుండె ఆగినప్పుడు ఛాతీ మీద ఒత్తడం, విద్యుత్ షాక్ ఇవ్వడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. మెదడులో రక్తం గడ్డకట్టి వచ్చే పక్షవాతంలో ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఎంత తొందరగా ఇస్తే అంత మేలు. దగ్గరలో ఆసుపత్రి బోర్డు ఉందా అన్నది సరైన ప్రశ్న కాదు. అర్ధరాత్రి స్కాన్ తీసి చికిత్స మొదలుపెట్టగల ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పడుతుంది, అంబులెన్స్ ఇంటి గుమ్మం వరకు రాగలదా అని అడగాలి. పాత ఊరి ఇరుకు సందులు ఓడిపోయే చోటు ఇదే, దాన్ని దాచడం తగదు. ఇక్కడ మాత్రం నగరంలోని ఇల్లు అన్నిటికంటే ముందుంటుంది.

డబ్బు లెక్క

దూరం పెరిగిన కొద్దీ నేల ధర తగ్గడం దయాదాక్షిణ్యం కాదు. ప్రయాణ ఖర్చు పెరిగినంత మేర కొనేవారు భూమికి తక్కువ ఇస్తారని ఆర్థికవేత్త విలియం అలోన్సో 1964లోనే సూత్రీకరించాడు. కాబట్టి ఇంటి ఖర్చునూ ప్రయాణ ఖర్చునూ విడివిడిగా చూడటం పొరపాటు. అమెరికాలో పరిసర ప్రాంతాల అందుబాటును లెక్కగట్టే ఒక ప్రసిద్ధ సూచిక ఈ రెండూ కలిపి కుటుంబ ఆదాయంలో 45 శాతం దాటకూడదన్న హద్దును వాడుతుంది. ఆ సంఖ్య అందరికీ ఒకటే కాకపోయినా, కలిపి చూసే పద్ధతి సరైనది. శివారులో రెండవ వాహనం కొనవలసి వస్తే దాని వాయిదాలు, ఇంధనం, బీమా, మరమ్మతులు అన్నీ ఇంటి ధరలో కలపండి. ట్యాంకర్ నీళ్లు, జనరేటరో బ్యాటరీలో, రోడ్డూ దీపాలూ కాలనీ సంఘమే చూసుకునే చోట దాని నెలసరి చందా కూడా కలపండి. చాలామందికి ఆ కూడిక తర్వాత తేడా సగానికి పడిపోతుంది. వ్యవసాయ భూమిని నివాసానికి మార్చిన అనుమతి, ప్లాట్ల నక్షాకు ప్రభుత్వ ఆమోదం, అమ్మేవారి హక్కు పత్రాలు స్వతంత్రంగా న్యాయవాదికి చూపించకుండా బయానా ఇవ్వరాదన్నది ఏ దేశంలోనైనా వర్తించే జాగ్రత్త.

పదేళ్ల తర్వాత ఈ ఊరు

శివారు గ్రామాన్ని ఎంచుకునేవారు ఇవాళ కిటికీలోంచి కనిపించే పచ్చదనానికి డబ్బు కడతారు. ఆ పొలం వారిది కాదు. దాని యజమాని రేపు అమ్మితే అక్కడ ఏమి లేస్తుందన్నది చట్టమూ ప్రణాళికా పత్రమూ నిర్ణయిస్తాయి. లండన్ చుట్టూ ఉన్న ఖాళీ నేల మిగలడం యాదృచ్ఛికం కాదు. 1938 నాటి గ్రీన్ బెల్ట్ చట్టం, ఆ తర్వాతి ప్రణాళికా చట్టాలు దాన్ని కాపాడాయి. కోపెన్‌హాగెన్ 1947లో వేసుకున్న ప్రణాళికను చేతి వేళ్ల ప్రణాళిక అంటారు: రైలు మార్గాల వెంట ఐదు వేళ్లలా నివాసాలు, వేళ్ల మధ్య సందుల్లో పొలాలూ వనాలూ. అటువంటి రక్షణ లేని చోట ఏమవుతుందో చైనాలోని షెన్‌జెన్, గ్వాంగ్‌ఝౌ నగరాల్లో కనిపిస్తుంది. అక్కడ నగరం పొలాలను మింగి గ్రామ నివాసాలను మాత్రం వదిలివేయడంతో, పాత గ్రామాలు చుట్టూ ఆకాశ భవనాలతో, లోపల వెలుతురు దూరని ఇరుకు అద్దె ఇళ్లతో నగరం కడుపులో మిగిలాయి.

కాబట్టి ఇంటి నక్షా కంటే ముందు ప్రాంత ప్రణాళికా పటం చూడాలి. మీ పక్కనున్న నేల వ్యవసాయానికీ పచ్చదనానికీ కేటాయించినదా, నివాసానికా, పరిశ్రమకా, రహదారి విస్తరణకా అన్నది అందులో ఉంటుంది. ఆ కేటాయింపులు గతంలో ఎన్నిసార్లు సడలించారో కూడా విచారించండి. పటం మీద పచ్చరంగు ఉండి, నేల మీద కాంక్రీటు ఉన్న ఊళ్లు తక్కువేమీ కావు. గ్రామం నగర పాలన పరిధిలోకి చేరబోతోందా అన్నదీ తెలుసుకోవాలి. అలా చేరినప్పుడు పన్ను ముందు పెరుగుతుంది, మురుగు గొట్టాలు చాలా ఆలస్యంగా వస్తాయి. నడుమ ఉన్న ఏళ్లను ఎలా గడుపుతామన్నదానికి మన దగ్గర జవాబు ఉండాలి.

ఈ మార్పులో ఊరివారు కూడా ఉన్నారన్న సంగతి ఎంపిక సలహాల్లో సాధారణంగా కనిపించదు, అది నాకు బాధ కలిగించే విషయం. వారికి మీరు వెళుతున్నది శివారు కాదు, వారి ఊరు. ఊరి బడిలో పిల్లల్ని చేర్పించేవారు, ఊరి సభలో కూర్చునేవారు, చెరువు పాడవుతుంటే గొంతు కలిపేవారు ఆ ఊళ్లో త్వరగా కలిసిపోతారు. కష్టం వచ్చిన రాత్రి వారి తలుపు తట్టడానికి నలుగురు ఉంటారు. ప్రహరీ కట్టి గేటు వేసుకున్న కాలనీలో భద్రత ఎక్కువని చెబుతారు కాని, ఇంట్లో ఒంటరిగా మిగిలిన పెద్దవారికి పలకరింపు కూడా భద్రతే, అది పాత వీధిలోనే ఎక్కువ దొరుకుతుంది.

ఎవరికి ఏది

ఇద్దరూ నగరంలో చెరొక దిక్కున పనిచేస్తూ, పదేళ్లు దాటిన పిల్లలున్నవారికి నగరంలోని చిన్న ఇల్లే మేలు. నిరంతర వైద్యం అవసరమైన వారున్న ఇంటికీ అదే. వారంలో రెండు మూడు రోజులు ఇంటి నుంచే పనిచేయగలిగి, చిన్న పిల్లలో నడవగలిగిన పెద్దలో ఉన్న కుటుంబానికి శివారు గ్రామంలో పాత ఊరి నడుమ ఇల్లు చాలా మంచి ఎంపిక. నాలుగింటిలో దీనికి రావలసినంత ఆదరణ రావడం లేదని నేను నమ్ముతాను. పనిచేసే చోటు రైలు మార్గానికి దగ్గరలో ఉన్నవారు చిన్న పట్టణాన్ని తప్పక చూడాలి. కొత్త కాలనీని మాత్రం మూడు షరతులు ఒకేసారి తీరితేనే సూచిస్తాను: ఎండాకాలం చివరా అందే నీరు, నడక దూరంలో బస్సో రైలో, ఇంట్లో ప్రతి పెద్ద మనిషికీ స్వతంత్రంగా తిరిగే మార్గం. కూరగాయలు పండించుకోవాలనీ, మట్టితో పనిచేయాలనీ నిజమైన తపన ఉన్నవారికి ఈ లెక్కలు కొంత సడలుతాయి. రోజూ గంటసేపు నేల మీద పనిచేసేవారికి ఆ నేల విలువ వేరు. ఆ తపన సెలవు రోజుల ఊహ మాత్రమేనా అన్నది ముందుగా తేల్చుకోవాలి.

తేల్చుకోలేకపోతే కొనకండి, అదే ఊళ్లో ఒక ఏడాది అద్దెకు ఉండండి. అద్దె ఇల్లు కొనదలచిన ఇంటి వీధిలోనే, లేదా దానికి అతి దగ్గరలో ఉండాలి. పాత ఊళ్లో అద్దెకు ఉండి కొత్త కాలనీలో కొంటే ఆ ఏడాది నేర్పింది ఏదీ పనికిరాదు. ఒక వానాకాలమూ ఒక ఎండాకాలమూ పూర్తిగా గడవాలి. ఆ ఏడాది నగరంలోని సొంత ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చి ఉంచుకోగలిగితే, తిరిగి వెళ్లడం అవమానంగా కాక ఒక మామూలు నిర్ణయంగా మిగులుతుంది. ఏడాది చివర అభిప్రాయం అడిగేటప్పుడు, వాహనం నడిపే మనిషి చివర మాట్లాడాలి. ముందుగా పిల్లలనూ, ఆ తర్వాత పెద్దలనూ, ఒకరి ఎదుట ఒకరు కాకుండా విడివిడిగా అడగాలి.